ట్రైలరును జానెడు లేపిన సంగతి

నాకు అసూయ లేదని మా ఆవిడ తప్ప అందరూ అనుకునేవారు. ఆ రోజుల్లో నేను సత్తెనపల్లి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మేష్టర్ని. బి.ఎస్సీ. ప్యాసైనవాణ్ణి. మామగారి ఊరు మా బడికి అయిదు మైళ్ళు, సైకిలు మీద వెళ్ళి వస్తుండేవాణ్ణి. మామగారికి ఇద్దరే కూతుళ్ళు. పెద్దమ్మాయిని నాకిచ్చారు. చిన్నమ్మాయిని గుంటూరులో మిరపకాయల వ్యాపారం చేసే అతనికిచ్చారు. అతను థర్డ్ ఫారంతో చదువు మానేశాడు. ఆ విషయం నేనెక్కడా ప్రస్తావించేవాణ్ణి కాదు. ప్రస్తావించకుండా ఊరుకుంటున్నానని మాత్రం అప్పుడప్పుడు నలుగురిలో చెప్పేవాణ్ణి.

తోడల్లుళ్ళు అన్నదమ్ముల వరస. అతను నన్ను "అన్నయ్య గారూ" అనేవాడు, నేను "తమ్ముడూ" అనేవాణ్ణి. అన్నదమ్ములకైతే పంచుకోవడానికి పొలం ఉంటుంది. తోడల్లుళ్ళకు ఉండేది ఒక్క అత్తగారే. ఆవిణ్ణి సరిహద్దు రాయి వేసి పంచుకోవడం కుదరదు.

మా అత్తగారు పాత పద్ధతి మనిషి. ఇంట్లో అల్లుళ్ళ ఎదుటపడేవారు కారు. నాతో ఏదన్నా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి కూతురితో అనేవారు. కూతురు దగ్గర లేకపోతే తలుపుతో అనేవారు. "పెద్దల్లుడు గారు మజ్జిగ పోసుకోలేదేమో" అని తలుపుకు చెబితే నేను మజ్జిగ పోసుకునేవాణ్ణి. పెళ్ళయి పదకొండేళ్ళయినా మా ఇద్దరి మధ్య ఒక్క మాట నేరుగా నడవలేదు. అయినా ఒకరి సంగతి ఒకరికి బాగా తెలుసు. మాట్లాడుకునే అవకాశం ఉన్నవాళ్ళకు అంత తెలియదనుకుంటాను.

మా ఆవిడ చిన్నతనంలో టైఫాయిడ్ వచ్చి చావు దాకా వెళ్ళి వచ్చిందట. అప్పుడు అత్తగారు, పిల్ల బతికితే ఒంట్లో ఓపికున్నంత కాలం ఏటా శివరాత్రికి కోటప్పకొండ వస్తానని మొక్కుకున్నారు. పిల్ల బతికింది, నాకు భార్య అయింది. కాబట్టి ఆ మొక్కులో నాకూ కొంత భాగం ఉందని నా లెక్క. పెళ్ళయిన మొదటి ఏటి నుంచీ అత్తగార్ని కొండకు తీసుకెళ్ళే పని నేను చేతిలోకి తీసుకున్నాను. మామగారి గూడుబండి, మామగారి ఎడ్లు, మామగారి పాలేరు. నాయకత్వం నాది.

ఇందులో ఒక మెళకువ ఉండేది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. పీట ఎత్తు దాటితే కాలు లేవదు. బండి ఎక్కించడానికి నేను చెయ్యి అందించకూడదు, అల్లుణ్ణి కదా. మామగారు అందించవచ్చు గాని, నలుగురి ముందు పెళ్ళాం చెయ్యి పట్టుకోవడం ఆయనకు సిగ్గు. అందుకని ఎడ్లను కట్టకముందే నేనూ పాలేరూ కలిసి కాడిని భుజాల దాకా ఎత్తేవాళ్ళం. బండి వెనక్కి వాలి తోక కిందికి దిగేది. ఆవిడ వీపు తిప్పి, పీట మీద కూర్చున్నట్టు తోక మీద కూర్చునేవారు. మేము కాడిని మెల్లగా దించేవాళ్ళం. ఆవిడ మర్యాదగా పైకి లేచేవారు. తర్వాత ఎడ్లను కట్టేవాళ్ళం. దిగేటప్పుడూ ఇంతే. ఏటా ఒక పూట సెలవు పెట్టి నేను చేసే ఈ పని వల్ల, మామగారింట్లో పంక్తిలో నెయ్యి గరిటె మొదట నా విస్తరి వైపు తిరిగేది. పెద్దల్లుడు కావడం వేరు, నెయ్యి మొదట పడటం వేరు. మొదటిది పెళ్ళితో వస్తుంది, రెండోది నిలబెట్టుకోవాలి.

అలాంటి రోజుల్లో తమ్ముడు మిలిటరీ వేలంలో ఒక జీపు కొన్నాడు. దాని వెనక తగిలించే రెండు చక్రాల ట్రైలరు కూడా కొన్నాడు. మిలిటరీవాళ్ళు అందులో ఏం మోశారో తెలియదు. ఇతను మాత్రం దాన్నొక ఇల్లు చేశాడు. వెదురు బద్దలు వంచి గూడు కట్టించాడు, దాని మీద టార్పాలిన్ వేయించాడు. నీలం రంగు పూయించాడు. లోపల పరుపు, దోమతెర, లాంతరు తగిలించుకోవడానికి కొక్కెం, తల దువ్వుకోవడానికి అద్దం. గిన్నెలకూ నీళ్ళ డబ్బాకూ చోటు చాలక అడుగున ఒక చెక్కపెట్టె వేలాడదీయించాడు. మిరపకాయల బేరానికి ఊళ్ళు తిరిగేటప్పుడు అందులోనే వండుకుని, అందులోనే పడుకునేవాడు. అద్దంకి దాకా వెళ్ళి వచ్చాడని చెప్పుకున్నారు.

ఆ బండి మొదటిసారి మామగారి వాకిట్లోకి వచ్చిన రోజు ఊరంతా వచ్చి చూసింది. నేను చూడలేదు. అరుగు మీద కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను. ఆ రోజు చాలామందికి మార్కులు తగ్గాయి. మా ఆవిడ వచ్చి, మరిదిగారి ట్రైలర్లో అద్దం కూడా ఉందని చెప్పింది. మనింట్లోనూ ఉందన్నాను. మన అద్దం కదలదుగా అంది.

ఆ మధ్యాహ్నం పంక్తిలో నెయ్యి గరిటె తలుపు దాటి వచ్చి, ఒక్క క్షణం ఆగి, అతని విస్తరి వైపు తిరిగింది. వడ్డించింది మా ఆవిడే. అటునుంచి వస్తే అతని విస్తరి ముందు తగిలింది, అంతేనంది. అంతే అయి ఉండవచ్చు.

ఆ ఏడు శివరాత్రికి అత్తగార్ని ట్రైలర్లో కొండకు తీసుకెళ్తానని అతనన్నాడు. మామగారు వెంటనే జీపులో ముందు సీటు తనదని ఖాయం చేసుకున్నారు. అప్పట్లో ట్రైలరు తోక తక్కువ ఎత్తే. ఒక పీట వేసి, దాని మీద ఇంకో పీట వేస్తే, కూతుళ్ళిద్దరూ చెరో రెక్కా పట్టుకుంటే అత్తగారు ఎక్కేశారు. ఎవరూ ఏ కాడీ ఎత్తనక్కర్లేకపోయింది. మా ఆవిడ కూడా అందులోనే ఎక్కింది, అద్దం కోసం. నాకు గూడుబండి మిగిలింది. బండిలో వంటచెరకు, బియ్యం బస్తా, రెండు గుండిగలు, నేను.

జీపు లేపిన దుమ్ములో పాలేరూ నేనూ కండువాలు ముక్కుకు చుట్టుకున్నాం. నోరు తెరిచే వీలు లేదు.

నల్లరేగడి దారుల సంగతి ఆ దారుల్లో తిరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. వానాకాలంలో బండ్లు నడిచి రెండు వైపులా లోతైన గాడులు పడతాయి. మధ్యన గట్టు మిగులుతుంది. మాఘమాసానికి అదంతా ఎండి రాయి అవుతుంది. మా బండ్ల చక్రాలు మనిషి రొమ్మెత్తు ఉంటాయి గనక ఆ గట్టు మాకొక గట్టు కాదు. జీపు కూడా ఎలాగో దాటుతుంది. కాని ట్రైలరుకు అడుగున ఆ చెక్కపెట్టె వేలాడుతోంది. రెండు మైళ్ళు పోయాక పత్తిచేల మధ్య ఒకచోట, ట్రైలరు గట్టు మీద బోర్లా పడుకున్న గేదెలా కూర్చుంది. జీపు చక్రాలు గాడుల్లో ఊరికే తిరుగుతున్నాయి. పెట్టె పగిలి, గిన్నెలు పత్తిమోళ్ళలో పడ్డాయి.

మా బండి నెమ్మదిగా చేరుకుంది. అంత నెమ్మదిగా, అంత హుందాగా ఎడ్లు నడవడం నేనెప్పుడూ చూడలేదు. నేను దిగి, ముఖాన దుమ్ము తుడుచుకుని, ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని అడిగాను. నా గొంతులో ఆనందం వినపడిందని తర్వాత మా ఆవిడ అంది. మేము కాడి ఎత్తాం, బండి వాలింది, అత్తగారు మా బండిలోకి మారారు. ఆ ఏడు కూడా ఆవిణ్ణి కొండకు చేర్చింది నేనే. తిరిగొచ్చాక నెయ్యి గరిటె దారి తప్పలేదు.

తమ్ముడిలో ఒక పెద్ద లోపం ఉండేది, మంచితనం. అంత పరాభవం జరిగాక ఎవరైనా ట్రైలరును అమ్మేస్తారు, లేదా నా మీద కోపం తెచ్చుకుంటారు. అతను ఆ రెండూ చేయలేదు. మళ్ళీ శివరాత్రి నెల రోజులుందనగా నా దగ్గరకే వచ్చాడు. ట్రైలరును నేల నుంచి కొంచెం ఎత్తు లేపితే ఆ దారి దాటుతుందని అతని ఆలోచన. ఎంత లేపాలో, ఎలా లేపాలో సైన్సు చదువుకున్నవాళ్ళు చెప్పాలి గదా అన్నాడు. "అత్తయ్య గారు ఇంకెన్నేళ్ళు తిరగగలరు అన్నయ్య గారూ, ఆ ఎడ్లబండి కుదుపులో ఆవిడ నడుములు ఏం కావాలి" అన్నాడు. నిజమే. అది నాకు తోచనందుకు అతని మీద ఇంకాస్త కోపం వచ్చింది.

ఒక ఆదివారం బడి నుంచి కొలబద్ద తీసుకుని నేను సైకిలు మీద ఆ దారి వెంట వెళ్ళాను. అక్కడక్కడా ఆగి గట్టు ఎత్తు కొలిచాను. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఆ ఘాటుకు తుమ్ముతూ కొలిచాను. తర్వాత మామగారి వాకిట్లో ట్రైలరు కిందికి దూరి, వెల్లకిలా పడుకుని అడుగు కొలిచాను. చెక్కపెట్టె ఊడదీశారు గనక, ఇంకొక బెత్తెడు లేపితే ఎక్కడా తగలదు. లెక్క రెండుసార్లు చూసుకున్నాను. బెత్తెడు చాలు.

కింద నుంచి బయటికి వస్తూ ఇంకొకటి కూడా చూశాను. తోక చెక్క ఎత్తు. ఇప్పటికే రెండు పీటలు, ఇద్దరు కూతుళ్ళు. బెత్తెడు లేస్తే మూడో పీట వేసి ఎలాగో ఎక్కించవచ్చు. జానెడు లేస్తే మాత్రం ఆ మోకాళ్ళు జన్మలో ఎక్కలేవు.

ఎంత కావాలని తమ్ముడు అడిగాడు. జానెడన్నాను. కొంత ఎక్కువే ఉంచుకోవాలి, లెక్కల్లో అది పద్ధతి అని చెప్పాను. అతను తల ఊపాడు.

సత్తెనపల్లిలో లారీల పని చేసే ఒక సాయిబుగారి దగ్గరికి బండిని తీసుకెళ్ళాం. ఆయన తండ్రి జట్కాలకు కుదుపు ఆపే కమాను పట్టీలు వేసేవాడట. ఈయన ఆ పట్టీల పని నుంచే లారీల్లోకి వచ్చాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. నేను నల్లబల్ల మీద గీసినట్టుగా ఒక కాగితం మీద ట్రైలరు బొమ్మ, గరిమనాభి, బాణపు గుర్తులు గీసి పట్టుకెళ్ళాను. ఆయన శ్రద్ధగా చూసి, మడిచి, విప్పిన మరలు పోకుండా అందులో పొట్లం కట్టుకున్నాడు.

ట్రైలరు కింద ఇరుసు పైన ఉంది, కమాను పట్టీలు దాని కింద వేలాడుతున్నాయి. పట్టీలను ఇరుసు మీదికి ఎక్కిస్తే ఆ మందం మేరకు బండి లేస్తుందని ఆయన ఒక్క చూపులో తేల్చాడు. అది బెత్తెడు పైచిలుకు వస్తుంది. అక్కడితో ఆగి ఉండవచ్చు. జానెడు కావాలని నేను గుర్తు చేశాను. అయితే పట్టీలకూ ఇరుసుకూ మధ్య తుమ్మ దిమ్మలు వేయాలన్నాడు. బండి లేస్తే ముందుభాగం కిందికి పొడుచుకుంటుంది గనక జీపు వెనక కొక్కేన్ని కూడా అంత పైకి జరపాలన్నాడు. నా బొమ్మలో అది లేదు.

తమ్ముడు సోడాలు తేవడానికి వెళ్ళాడు. సాయిబుగారు దిమ్మ మీద సుద్దతో గీత గీస్తూ తలెత్తకుండానే అడిగాడు.

"ఇంతెత్తు బండిలో ఎక్కేదెవరు మేష్టారూ?"

"మనుషులే" అన్నాను.

"మనుషుల్లో రకాలున్నాయి గదండీ. పోనీ వెనకాల ఒక ఇనపమెట్టు వేలాడదీయమంటారా?"

మెట్టు వేలాడితే మళ్ళీ గట్టుకు తగిలేది అదే కదా అన్నాను. అది తిరుగులేని వాదన. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, సుద్ద చెవి మీద పెట్టుకుని, పనిలోకి దిగాడు. ఆయనకు అర్థమైందని నాకర్థమైంది. తమ్ముడు తెచ్చిన సోడా నాకు సరిగా దిగలేదు.

మర్నాటికి ట్రైలరు తయారైంది. కాళ్ళు పొడుగైన కోడిపుంజులా నిలబడింది. ఖాళీ బండిని ఆ దారి వెంట తోలి చూశాం. గట్టు ఎక్కడా తగల్లేదు. పోయినేడు కూలబడిన చోటు దాటాక తమ్ముడు జీపు ఆపి, దిగివచ్చి, నా చేతులు రెండూ పట్టుకున్నాడు. చదువుంటే ఇదండీ అన్నాడు. పత్తిచేలో ఏరుకుంటున్న ఆడవాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు. నా జీవితంలో చదువు గురించి విన్న పొగడ్తల్లో అంత ఇబ్బంది పెట్టింది ఇంకొకటి లేదు.

శివరాత్రి నాటి పొద్దున మామగారి వాకిలి నిండిపోయింది. కొండకు పోయే, బండ్ల మీద నిలబెట్టిన ఎత్తైన ప్రభలు ముందురోజే ఊరు దాటాయి. మిగిలిన జనం మా ప్రయాణం చూడటానికి వచ్చారు. మామగారు తెల్లవారకముందే స్నానం చేసి జీపులో ముందు సీట్లో కూర్చున్నారు. దిగితే పోతుందేమోనని కాఫీ కూడా అక్కడికే తెప్పించుకున్నారు.

నేను ముందురోజు సాయంత్రమే వచ్చి, గూడుబండి కడిగించి, కొత్త గడ్డి పరిపించి, దాని మీద చాప వేయించి ఉంచాను. ఎందుకైనా మంచిదని. ఎడ్ల మెడలకు పాలేరు మువ్వలు కూడా కట్టాడు. అది నేను చెప్పలేదు. వద్దనీ చెప్పలేదు.

అత్తగారు బయటికి వచ్చారు. కొత్త చీర, చేతిలో విభూతి పొట్లం. ట్రైలరు వెనకాల నిలబడి పైకి చూశారు. తోక చెక్క ఆవిడ నడుము పైకి వచ్చింది. రెండు పీటలు వేశారు. మూడోది వేశారు. దాని మీద ఎవరింటి నుంచో స్టూలు తెచ్చి వేశారు. కూతుళ్ళిద్దరూ రెక్కలు పట్టుకున్నారు. ఆవిడ స్టూలు మీద ఒక పాదం పెట్టారు. మోకాలు వంగింది, మళ్ళీ లేవలేదు. స్టూలు ఒక పక్కకు ఒరిగింది. దించారు. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ దించారు. ఆవిడ ముఖాన చెమట పట్టింది. చుట్టూ ఇరవై ముప్ఫై మంది. అల్లుళ్ళం ఇద్దరం చెరో పక్కా చేతులు కట్టుకుని నిలబడ్డాం. అతను చెయ్యి అందించబోయి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. అతని ముఖం చూడలేకపోయాను. తన కష్టమంతా ఎక్కడ తప్పిందో అతనికి తెలియడం లేదు.

నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసిన క్షణం అది. గొంతు సవరించుకుని, మామూలుగా అన్నట్టు, "పోనీ మన బండి ఉంది గదా" అన్నాను.

అందరూ గూడుబండి వైపు తిరిగారు. అత్తగారు కూడా తిరిగారు. కడిగిన చక్రాలు చూశారు. కొత్త గడ్డి చూశారు. చాప చూశారు. ఎడ్ల మెడల్లో మువ్వలు చూశారు. తర్వాత ట్రైలరు కింద తుమ్మ దిమ్మల వైపు చూశారు. ఆవిడ అక్షరం ముక్క చదువుకోలేదు. కాని ఆ వరసలో అన్నీ చదివేశారు. చెంగు తల మీదికి లాక్కుని, నా వైపు కాకుండా పెద్ద కూతురి వైపు తిరిగి, మెల్లగా, అందరికీ వినపడేలా అన్నారు.

"ఏమే, ఏటా నాకోసం బండి వాల్చేది పెద్దల్లుడు గారే గదే. ఇదీ రెండు చక్రాల బండేగా. పని హడావిడిలో మరిచిపోయి ఉంటారు, గుర్తు చెయ్యి."

మా ఆవిడ గుర్తు చేసింది. మాట లేకుండా, చూపుతో. ఆ చూపు ముందు జానెడూ బెత్తెడూ అన్నీ బయటపడ్డాయి. చుట్టూ ఉన్న ముప్ఫై మందిలో ఇంకెవరికీ ఏమీ తెలియలేదు. మా అత్తగారి మర్యాద అలాంటిది. కొట్టిన దెబ్బ తగిలినవాడికి తప్ప పక్కవాడికి వినపడదు.

తమ్ముడు ఒక్క ఉదుటున నా దగ్గరకు వచ్చాడు. "అదా అన్నయ్య గారూ! సాయిబు మెట్టు పెడతానంటే వద్దన్నారట. ఎందుకా అనుకున్నాను. ఇది ముందే ఆలోచించి పెట్టారన్నమాట."

"కొంతవరకు" అన్నాను. అది అబద్ధం కాదు. కొంతవరకు ఆలోచించాను.

ట్రైలరును జీపు నుంచి విప్పాం. ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప నొగను నేనొక పక్కా అతనొక పక్కా పట్టి భుజాల మీదికి ఎత్తాం. ట్రైలరు వెనక్కి వాలి, తోక కిందికి దిగి, ఒక పీట ఎత్తులో ఆగింది. అత్తగారు వీపు తిప్పి కూర్చున్నారు. నేను ట్రైలరు ముందు, ఆవిడ ట్రైలరు వెనక. మధ్యన టార్పాలిన్. తలుపు కన్నా మందమైన చాటు. ఇక నొగను దించాలి. త్రాసులో అటువైపు ఎంత బరువుంటే ఇటువైపు అంత వేలాడాలి. అత్తగారి బరువు గురించి అల్లుడు మాట్లాడకూడదు గనక, ఇద్దరం గట్టిగా వేలాడామని మాత్రం చెబుతాను. తమ్ముడు నాకన్నా పొట్టి. భుజానికెత్తినప్పుడు అతనికి నొగ అందీ అందక, బరువు చాలావరకు నా మీదే పడింది. ఆ విషయం కూడా అతని దృష్టికి తీసుకురాలేదు.

వాకిట్లో నిలబడ్డ ఒక పెద్దాయన, మామగారికి బావ వరస, మా ఇద్దర్నీ చూసి జీపు దగ్గరకు వెళ్ళాడు.

"ఏం బావా, ఎడ్లు అమ్మేసి అల్లుళ్ళను కట్టావా?"

"కట్టాను గాని, మేత ఎక్కువ బావా" అన్నారు మామగారు, ముందు సీట్లోంచి కదలకుండా.

గూడుబండి ఆ ఏడు వాకిట్లోనే ఉండిపోయింది. నేను పరిపించిన కొత్త గడ్డిని ఎడ్లు తిన్నాయి. నేను జీపు వెనక సీట్లో కూర్చున్నాను. నేను లేకపోతే అత్తగారు ఎక్కలేరు, దిగలేరు. తమ్ముడొక్కడి వల్ల నొగ లేవదు. దారిలో ప్రభ అడ్డం వచ్చి గంటసేపు ఆగినప్పుడు ఒకసారి దించాం. ఫలహారాల దగ్గర ఒకసారి. కొండ కింద ఒకసారి. ప్రతిసారీ జనం చుట్టూ చేరారు. పత్తిచేల మధ్య గట్టు వచ్చినప్పుడు మాత్రం ట్రైలరు అడుగు దానికి తగలకుండా దాటిపోయింది. బెత్తెడు పైన ఇంకా బోలెడు ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని నేను తప్ప ఎవరూ గమనించలేదు. ఆ ఖాళీనంతా నేను దారి పొడుగునా భుజం మీద మోస్తూనే ఉన్నాను.

కొండ కింద అత్తగారు దిగి, నడుము మీద చెయ్యి వేసుకుని, అటూ ఇటూ నాలుగడుగులు వేశారు. ఏటా బండి దిగాక గంటసేపు కదలలేకపోయేవారు. ఈసారి వెంటనే నడిచారు. తమ్ముడు నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

వారం తర్వాత సత్తెనపల్లి బజార్లో సాయిబుగారు కనిపించాడు.

"ఎక్కేవాళ్ళు ఎక్కారా మేష్టారూ?"

"ఎక్కారండీ."

"మనుషులేనా?"

"మనుషులే" అన్నాను. అలాంటివాళ్ళతో సోడా తాగడం కూడా కష్టం.

మా ఆవిడ ఆ విషయం నా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తకుండా ఉండటంలో ఆవిడకు నాకన్నా ఎక్కువ ప్రావీణ్యం ఉంది. దిమ్మలు తీయించి బెత్తెడుకు దించేద్దామని నేనే తమ్ముడితో రెండు మూడుసార్లు అన్నాను. అతను ఒప్పుకోలేదు. అన్నయ్య గారు లెక్క వేసి పెట్టిన ఎత్తు, దాన్ని ముట్టుకోనన్నాడు. ఊరూరా చెప్పాడు కూడా. దాచేపల్లి దాకా వెళ్ళి అక్కడ ఎవరికో చెప్పి వచ్చాడట. నా తప్పును అంత గౌరవంగా మోసినవాడు ఇంకొకడు లేడు.

మరుసటి శివరాత్రి నాటి పొద్దున నొగ ఎత్తబోతుంటే మా ఆవిడ లోపలి నుంచి ఏదో పట్టుకొచ్చి నా భుజం మీద పెట్టింది. చిన్న మెత్త. అత్తగారి పాత నేతచీర ముక్కతో కుట్టింది, లోపల మామగారి చేలోని పత్తే, గట్టిగా కూరింది. మెడ పక్కన ఒరుసుకోకుండా ఒక వైపు సన్నగా, భుజం వైపు మందంగా, నా భుజానికి కొలిచినట్టు ఉంది. కొలవడం ఎలా కుదిరిందో తెలియదు. అత్తగారు ఎన్నడూ నాకు అంత దగ్గరగా రాలేదు. ఎడ్ల మెడ కాయకట్టకుండా కాడి కింద వేసే మెత్త కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఆ పోలిక నాకు తోచింది. తోచకుండా ఉండాలని కుట్టినట్టు మాత్రం లేదు.

తలుపు చాటు నుంచి అత్తగారి గొంతు వినపడింది. "పెద్దల్లుడు గారికి పోయినేడు భుజం కమిలిందట. అది వేసుకోమను."

పోయినేడు భుజం కమిలిందని నేనెవరికీ చెప్పలేదు.

తమ్ముడు అవతలి పక్క నొగ పట్టుకుని నిలబడి ఉన్నాడు. జీపు అతనిది, ట్రైలరు అతనిది. పరుపు, దోమతెర, అద్దం, లాంతరు కొక్కెం అన్నీ అతనివే. అతను నా భుజం మీది మెత్తను చూశాడు. ఒక్కసారి తలుపు వైపు చూశాడు. మళ్ళీ మెత్త వైపు చూశాడు.

"నాకు లేదా వదినా?" అన్నాడు, నవ్వుతూనే.

ఆ నవ్వు వెనక ఉన్న చూపు నాకు బాగా తెలుసు. అంతకు ముందు రెండేళ్ళు అది నా దగ్గరే ఉంది. నేను మెత్తను కొంచెం సర్దుకుని, నొగ కింద భుజం పెట్టి, "ఎత్తు తమ్ముడూ, అత్తయ్య గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు" అన్నాను.